మా బావ ఎడమ మోకాలు

మా బావ సర్జేరావ్ ఖోత్ వెనక్కి తిరగడం చూడాలంటే ఓపిక ఉండాలి. వెనకనుంచి పిలిచినవాడు ఒకసారి పిలిచి, వినపడలేదేమోనని మళ్ళీ పిలిచి, విసుగొచ్చి తన దారిన పోయేవేళకి ఆయన తిరుగుతాడు. సందులో ఎద్దులబండి మలుపు తిరిగినట్టు చిన్న చిన్న అడుగులు వేస్తూ ఒళ్ళంతా కలిపి తిప్పుతాడు. అది వస్తాదు దర్జా అని ఊరివాళ్ళు అనుకునేవాళ్ళు. నేను ఆటో నడుపుకునేవాణ్ణి. "బావా, నడుముకి ఒక హారన్ కట్టించుకో, వెనకున్నవాళ్ళు జాగ్రత్తపడతారు" అని ఆటపట్టించేవాణ్ణి. "ముందు నీ బండికి బ్రేకులు వేయించుకోరా పోపట్, నా సంగతి తరవాత చూద్దువు" అనేవాడు.

భోగావతి ఒడ్డున మా ఊళ్ళో కుస్తీలు నేర్పే తాలీం ఒక్కటే. దానికి వస్తాదు ఆయన. తెల్లవారకముందే లేచి గోదాలో ఎర్రమట్టి తవ్వుతాడు. నూనె, మజ్జిగ, పసుపు కలిపి ఆ మట్టిని చంటిపిల్లకి స్నానం చేయించినంత శ్రద్ధగా మెత్తబరుస్తాడు. చెవులు రెండూ నలిగి ముద్దకట్టి ఉంటాయి. కోపం ముక్కు మీదే ఉంటుంది. అయితే ఆయన దగ్గర నేర్చుకున్నవాడికి పట్టు అంటే ఏమిటో తెలుస్తుంది. చుట్టుపక్కల పది ఊళ్ళవాళ్ళు తమ పిల్లల్ని తెచ్చి ఆయనకే అప్పగించేవాళ్ళు.

అప్పగిస్తారు, కానీ గౌరవించరు. చైత్రమాసపు జాతరలో కుస్తీలు మొదలయ్యేముందు వస్తాదులందరికీ గులాబీరంగు తలపాగా చుట్టి కొబ్బరికాయ చేతికిస్తారు. మా బావకి కొబ్బరికాయ ఒక్కటే ఇస్తారు. తలపాగా చుట్టరు. ఎవరూ కారణం చెప్పరు, ఆయనా అడగడు. కారణం ఊరందరికీ తెలుసు కాబట్టి.

నేనప్పుడు చిన్నవాణ్ణి. బావకి మా శాలనక్కతో పెళ్ళి ఖాయమై ఉంది. ఆ ఏడు జాతరలో మొదటి నంబరు కుస్తీ, అంటే అన్నిటికన్నా పెద్దది, ఆయనది. ఎదుటివాడు మిరజ్ వైపునుంచి వచ్చిన భైరూ. డప్పులు మోగుతున్నాయి, చెట్ల మీద కూడా జనమే. మొదటినుంచీ బావదే పైచేయి. భైరూని చంకలోంచి పట్టి, ఎడమకాలు మట్టిలో ఊని, వీపు మీదుగా విసరడానికి గిర్రున తిరిగాడు. అంతే. ఎవరూ నెట్టలేదు, ఎవరూ లాగలేదు. తనంతట తనే కుప్పకూలి వెల్లకిలా పడ్డాడు. భైరూ ఏం జరిగిందో తెలియక ఒక క్షణం అలాగే నిలబడి, తరవాత గుర్తొచ్చినట్టు మీద పడి భుజాలు మట్టికి ఆనించాడు.

ఓడిపోవడం తప్పు కాదు. తరవాత జరిగిందే కొంప ముంచింది. బావ లేచి, మట్టి దులుపుకుని, కుంటకుండా, మూలగకుండా చక్కగా నడుచుకుంటూ బయటికి వచ్చేశాడు. దెబ్బ తగిలినవాడు అలా నడుస్తాడా? "లాలూచీ కుస్తీ! అమ్ముడుపోయాడు!" అని ఎవడో అరిచాడు. ఆ అరుపు నేటికీ ఆగలేదు. ఆయన గురువు గణూబా వస్తాదు ఆ రోజునుంచి చచ్చిపోయేదాకా ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు.

బావ మళ్ళీ కుస్తీ పట్టలేదు. గణూబా పోయాక తాలీం దుమ్ము కొట్టుకుపోతుంటే ఒకరోజు వెళ్ళి ఊడ్చాడు. మర్నాడు మట్టి తడిపాడు. అలా ఎవరూ పిలవకుండానే వస్తాదయ్యాడు. నాకు వయసొచ్చాక ఒకసారి ధైర్యం చేసి అడిగాను.

"బావా, ఆ రోజు ఏమైంది?"

"కాలు లేకుండా పోయిందిరా."

"లేకుండా పోవడమేంటి?"

"ఉంది కదా అని బరువు వేశాను. లేదు. మళ్ళీ లేచేసరికి ఉంది." మోకాలు తడుముకుంటూ అన్నాడు: "గుండె జారిందేమో. భయం పుడితే కాళ్ళు చచ్చుబడతాయంటారుగా. నాకు భయమేసినట్టు నాకే తెలియలేదేమో."

కుస్తీ అమ్ముకున్నాడో లేదో ఆయనకి తెలుసు. అమ్ముకోలేదు. కానీ ఎందుకు పడ్డాడో తెలియదు. తెలియనివాడు ఏమని వాదిస్తాడు? అందుకే వాదించలేదు. ఆ ఒక్క పడిపోవడం ఆయన జీవితాన్ని మింగేసింది, దానికి కారణం మాత్రం ఆయన చేతికి చిక్కలేదు.

ఇక సంగ్రామ్ సంగతి.

సంగ్రామ్ పక్క ఊరి పాలవాడి కొడుకు. పెళ్ళీడు కుర్రాడు, దున్నపోతు బలం, పసిపిల్ల మనసు. బావకి కొడుకులు లేరు. ఉన్న ప్రేమంతా వీడి మీదే, తిట్లన్నీ కూడా వీడికే. ఈ ఏడు జాతరలో మొదటి నంబరు కుస్తీ వీడికి దక్కింది. ఇన్నేళ్ళ తరవాత మా తాలీంకి దక్కడం అదే మొదలు.

జాతర ఇంకా దూరంగా ఉండగానే ఒకరోజు సాధనలో వాడి మోకాలు 'టప్' మంది. ఎండుకట్టె విరిచినట్టు గోదా అవతలున్న నాకే వినపడింది. సాయంత్రానికి మారేడుకాయంత వాచింది.

మా తాలీంలో దెబ్బలకి ఉన్న పేర్లు తక్కువ. విరిగితే విరిగింది. కీలు తప్పితే తప్పింది, అక్కడికక్కడే లాగి కూర్చోబెడతాడు బావ. ఈ రెండూ కాకపోతే మిగిలినదంతా బెణుకే. మడమైనా, మోకాలైనా, నడుమైనా, తొడకండ పట్టేసినా బెణుకే. దానికి ఉడికించిన పసుపు పట్టు, బిగుతుగా ఒక గుడ్డకట్టు, పాలలో మిరియాలు. ఎముకల ఫోటో కూడా తీయించారు. విరగలేదని తేలింది. ఇంకేం, బెణుకే.

వాపు తీసింది. నొప్పి పోయింది. అప్పుడు పరీక్ష. గణూబా కాలంనుంచీ మా తాలీంలో మోకాలు బాగైందా లేదా అని తేల్చేది బస్కీలే. గోదా పక్కన నిలబడి ఆపకుండా బస్కీలు తియ్యాలి. కిందికి కూర్చున్నప్పుడు మడమలు లేవకూడదు, ముఖం చిట్లించకూడదు, వస్తాదు చాలనేదాకా ఆగకూడదు. సంగ్రామ్ చెమటతో నేల తడిసేదాకా తీశాడు. బావ వంగి వాడి మోకాళ్ళ వంకే చూస్తూ ఉండి, చివరికి వీపు మీద చరిచాడు.

"ఇనపకాలురా ఇది! దిగు గోదాలోకి."

దిగిన నాలుగోనాడో అయిదోనాడో సంగ్రామ్ ఒకణ్ణి ఎత్తి విసరబోతూ తిరిగాడు. ఎవరూ తాకకుండానే కూలిపోయాడు. ఆ వెంటనే లేచి నిలబడి, సిగ్గుపడుతూ నవ్వాడు.

"ఏమైందిరా?" అన్నాడు బావ.

"ఏం లేదు వస్తాద్. కాలు ఉన్నట్టుండి జారింది."

"నొప్పా?"

"లేదు."

"నడువు."

నడిచాడు, చక్కగా. "బస్కీలు తియ్యి." తీశాడు. "ఇప్పుడు తిరిగి విసురు." మళ్ళీ పడ్డాడు.

బావ ముఖం పాలిపోయింది. అంతలోనే ఎర్రబడింది. ఆ తరవాత ఆయన నోట వచ్చిన మాటల్లో కొన్ని నేను మా అక్క ముందు కూడా చెప్పలేను.

"నాటకాలు ఆడుతున్నావురా నా దగ్గర? ఎవడు ఎక్కించాడు నీకు? ఎవడు మాట్లాడాడు నీతో? జాతరలో ఇలాగే పడమన్నాడా?"

"వస్తాద్, అంబాబాయి మీద ఒట్టు..."

"దేవత పేరెత్తకు! వాపు లేదు, నొప్పి లేదు, బస్కీలు గుర్రంలా తీస్తున్నావు, మరి పడ్డమేంటి? భయమా? భయమైతే చెప్పు, మీ నాన్నతో పాలు పిండుకుందువు!"

సంగ్రామ్ అంత మనిషీ గోడకి తిరిగి ఏడ్చాడు. నాకు ఒళ్ళు మండింది. ఒకప్పుడు ఊరు ఈయన్ని ఏ మాటలతో కుళ్ళబొడిచిందో సరిగ్గా అవే మాటలు ఈయన నోట్లోంచి వస్తున్నాయి. అది ఆయనకి తెలుస్తోందా లేదా? చెబుదామని నోరు తెరిచాను. ఆయన ముఖం చూసి మూసుకున్నాను. ఆ ముఖంలో ఉన్నది కోపమొక్కటే కాదు, దారి తప్పినవాడి బెదురు కూడా.

జాతర ఇక రెండు రోజులు ఉందనగా, శుక్రవారం పొద్దున్నే బావ మా గుమ్మంలోకి వచ్చాడు. "ఆటో తియ్యి. వాణ్ణి కొల్హాపూర్ తీసుకెళ్దాం. ఆటగాళ్ళ దెబ్బలు చూసే డాక్టరమ్మ ఉందట. ఏ జబ్బూ లేదని ఆమెతోనే చెప్పించి, అప్పుడు చూస్తా వీడి పని."

డాక్టర్ కేతకీ దాతార్ గదిలో గోడనిండా ఒంటి లోపలి బొమ్మలు. తోలు ఒలిచిన మనుషులు నిలబడి నవ్వుతున్నట్టుంటారు. సంగ్రామ్‌ని బల్ల మీద పడుకోబెట్టి మోకాలు మడిచింది. వాడి పాదం మీద తను కూర్చుని, రెండు చేతులా పిక్క పైభాగం పట్టుకుని తన వైపు లాగింది. బాగున్న కాలు కదలలేదు. రెండో కాలు అలా ముందుకు వచ్చేసింది, సొరుగు లాగినట్టు.

"ఎవరు చెప్పారు బాగైందని?" అంది.

"నేను," అన్నాడు బావ ఛాతీ విరుచుకుని. "బస్కీలు తీయించి చూశాను. ఉత్త బెణుకు."

"బెణుకే వస్తాద్, కాదనను. ఎముకకీ ఎముకకీ మధ్య గట్టి పట్టీలుంటాయి, లిగమెంట్లంటాం. అవి సాగితే బెణుకు, సగం చిరిగితే బెణుకు, పూర్తిగా తెగినా బెణుకే. ఇతనికి మోకాలి నడిమధ్యన ఉండే పట్టీ పూర్తిగా తెగింది."

"తెగితే నొప్పి ఉండాలిగా?"

"తెగినప్పుడు ఉంటుంది. లోపల రక్తం చేరి వాస్తుంది. అది ఇంకిపోయాక నొప్పీ పోతుంది. పట్టీ మాత్రం తనంతట తను అతుక్కోదు."

"మరి బస్కీలు ఎలా తీశాడు?"

"బస్కీ తిన్నగా దిగి తిన్నగా లేవడమేగా. ఆ పని తొడకండ చేస్తుంది. ఇతని తొడ చూడండి, స్తంభం! కాలు నేలకి ఊని ఒళ్ళు తిప్పినప్పుడే ఆ పట్టీతో పని. అప్పుడు అది లేదు. అందుకే పడుతున్నాడు."

బావ గోడ మీది బొమ్మ దగ్గరికి వెళ్ళి మోకాలి మీద వేలు పెట్టాడు. "ఈ తెల్లటిది నరమేగా? మేం నరం తప్పిందనేది దీన్నేగా?"

"అది నరం కాదు, టెండన్. కండని ఎముకకి కట్టే తాడు."

"ఇది?"

"ఇది కండే. ఇది చిరిగితే ఆ మందు వేరు."

"ఇది?"

"మెత్త. రెండెముకలూ రాసుకోకుండా మధ్యన ఉంటుంది."

"ఇన్ని ఉన్నాయా లోపల?" అన్నాడు బావ. జీవితమంతా అద్దెకున్న ఇంట్లో ఇన్నాళ్ళూ చూడని గది బయటపడినట్టు చూశాడు. నా తలా తిరిగిపోతోంది. పట్టీ, తాడు, కండ, మెత్త, వీటిలో ఏది దేనికి కట్టి ఉందో నాకైతే అంతా చిక్కుపడ్డ నులకలాగే తోచింది. సంగ్రామ్ మాత్రం కళ్ళు తుడుచుకుని, "అంటే నాకు భయం కాదుగా డాక్టరమ్మా?" అని అడిగాడు.

"భయమెందుకవుతుంది? పట్టీ తెగితే సింహం కాలైనా మడతపడుతుంది. జాతరలో దిగితే ఆ మెత్త కూడా చిరుగుతుంది. తొడ వెనకనుంచి ఒక తాడు తీసి కొత్త పట్టీ వేస్తాం. ఏడాది తిరిగేసరికి మళ్ళీ గోదాలో ఉంటావు."

బావ గుమ్మందాకా వెళ్ళి, ఏదో అడగాలని గుర్తొచ్చి, తన పద్ధతిలో చిన్న చిన్న అడుగులతో తిరగడం మొదలుపెట్టాడు. డాక్టరమ్మ రాస్తున్న కలం ఆపి చూసింది.

"మీరెప్పుడూ అలాగే తిరుగుతారా?"

"అలాగే అంటే?"

"ఇలా రండి. పంచె పైకి తీసి పడుకోండి."

"నాకేం జబ్బు లేదమ్మా."

"లేదనే చెబుతాను, పడుకోండి."

ముందు రెండు తొడలూ కొలిచింది. ఎడమది సన్నంగా ఉంది. ఇన్నేళ్ళూ ఇంట్లో మేమెవరం గమనించలేదు. తరవాత మోకాలు మడిచి, పిక్క పట్టుకుని లాగింది. సొరుగు వచ్చేసింది, సంగ్రామ్‌ది వచ్చినదానికన్నా ఎక్కువే.

"ఇది ఎప్పుడు తెగింది వస్తాద్?"

బావ పైకప్పు వంక చూస్తూ పడుకున్నాడు.

"పెళ్ళికి ముందు," అన్నాడు చివరికి. "సాధనలో టప్ మంది. వాచింది. గణూబా పసుపు వేశాడు. బస్కీలు తీయించాడు. బాగైందన్నాడు. తరవాత జాతరలో..." మిగిలిన కథ నేను చెప్పాను. తిరగడం, పడడం, లేచి నడవడం, అన్నీ.

బావ లేచి కూర్చుని ఆమె చేతులు పట్టుకున్నంత పని చేశాడు. "అయితే నేను అందుకే పడ్డానా అమ్మా? చెప్పు. భయంతో కాదుగా?"

డాక్టరమ్మ వెంటనే చెప్పలేదు. అబద్ధం చెప్పే రకం కాదని అప్పుడే తెలిసింది నాకు, ఆ క్షణాన మాత్రం చెబితే ఏం పోయిందని కోపమొచ్చింది. "పట్టీ పోయి చాలా ఏళ్ళయిందని చెప్పగలను. కానీ ఆ రోజు నేను చూడలేదు వస్తాద్. ఈ కాలుతో అలా తిరిగితే పడతారు, లేచి నడుస్తారు కూడా. అంతవరకే నాకు తెలిసేది."

"అంటే అవుననా, కాదనా?"

"అవ్వచ్చు అని."

తిరుగుదారిలో బావ ఆ 'అవ్వచ్చు'ని పట్టుకుని నలిపాడు. "అవ్వచ్చు అంటే అయినట్టేగా?" అంటాడు. ఓ ఫర్లాంగు పోయాక, "కాకపోవచ్చు అని కూడా అర్థమేగా?" అంటాడు. చెరకుతోటల మధ్య ఆటో ఆపమన్నాడు. దిగి, గట్టు మీద కూర్చుని, పంచె ఎగ్గట్టాడు.

"లాగరా."

"ఇక్కడా? దారిన పోయేవాళ్ళు ఏమనుకుంటారు?"

"లాగమంటుంటే!"

లాగాను. వచ్చింది. మళ్ళీ లాగమన్నాడు. ముసలి ఎముక నా చేతుల్లో ముందుకీ వెనక్కీ ఆడుతుంటే ఆయన దాన్నే చూస్తూ నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. తరవాత సంగ్రామ్‌ని దగ్గరికి పిలిచి తల మీద చెయ్యి వేశాడు. "నిన్ను అనకూడని మాటలన్నానురా. నన్నన్నవే నిన్నన్నాను," అన్నాడు. వాడు వంగి ఆయన పాదాలు పట్టుకున్నాడు.

నేరుగా జాతర కమిటీ దగ్గరికి వెళ్ళాం. చావడి అరుగు మీద కమిటీ పెద్ద హిందూరావు, మిగతా పెద్దలు కూర్చుని ఉన్నారు. సంగ్రామ్ దిగడని బావ చెప్పగానే హిందూరావు ముఖం గంటు పెట్టుకున్నాడు.

"కాలు విరిగిందా?"

"లేదు."

"వాచిందా?"

"లేదు."

"నొప్పా?"

"లేదు. లోపల పట్టీ తెగింది."

"నిన్న రాత్రి వీడు బస్కీలు తీస్తుంటే నేనే చూశాను సర్జేరావ్! పట్టీ తెగినవాడు బస్కీలు తీస్తాడా?" హిందూరావు అందరి వంకా చూసి చిన్నగా నవ్వాడు. "మీ తాలీంకి ఈ రోగం పాతదేలే. ఎవరన్నా కలిశారా?"

నేను చెయ్యి ఎత్తాను. కొట్టేవాణ్ణే. బావ నా భుజం పట్టి ఆపి, అరుగు ఎక్కి, అంతమంది ముందూ పంచె పైకి లాగి కూర్చున్నాడు.

"పోపట్, లాగు."

లాగాను. హిందూరావు ముందుకి వంగాడు. ముసలివాళ్ళు లేచి వచ్చారు. ఒకాయన కళ్ళజోడు పెట్టుకుని, "ఇంకోసారి" అన్నాడు. మరొకాయన నన్ను పక్కకి జరిపి తనే లాగి చూశాడు. బావ డాక్టరమ్మ చెప్పినదంతా చెప్పబోయాడు. తాడన్నాడు, కాదు పట్టీ అన్నాడు, ఎముకకీ కండకీ అన్నాడు, నాలిక కరుచుకుని ఎముకకీ ఎముకకీ అన్నాడు. చెప్పేకొద్దీ చిక్కుపడింది. చివరికి, "నేను అమ్ముకోలేదు. నా కాలు పడింది," అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

తరవాత ఒకాయన, "నిజమేనేమో పాపం" అన్నాడు. ఇంకొకాయన పెదవి విరిచాడు. "ఈ వయసులో ఎవరి మోకాలు లాగినా వస్తుంది. నాది లాగు చూద్దాం" అన్నాడు. ఆయనది లాగితే రాలేదు. అయినా ఆయన ఒప్పుకోలేదు. అప్పుడు అరుగు మీద అందరూ ఎవరి మోకాలు వాళ్ళు లాక్కుని చూసుకోవడం మొదలుపెట్టారు. ఒకరికి కొంచెం కదిలింది, ఒకరికి కదలలేదు, ఒకరు నొప్పని కేకేశారు. సంగతి తేలిందో లేదో ఎవరికీ తెలియలేదు. హిందూరావు మాత్రం సంగ్రామ్ పేరు కొట్టేయమన్నాడు. తలపాగా సంగతి ఎవరూ ఎత్తలేదు.

సంగ్రామ్‌ని దింపి బావ ఇంటికి వచ్చేసరికి చీకటి పడుతోంది. శాలనక్క పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు తడుతోంది. మాకిద్దరికీ కంచాలు పెట్టి శనగపిండి పిఠ్లా వడ్డించింది. శుక్రవారం కాబట్టి తను తినదు, పెళ్ళైనప్పటినుంచీ ఆ రోజు ఉపవాసమే. బావ ఒక్క ముద్ద తుంచి, తినకుండానే చెప్పడం మొదలుపెట్టాడు. ఊరికి చెప్పలేక చిక్కుపడ్డ మాటలు ఆమె దగ్గర సాఫీగానే వచ్చాయి. పట్టీ, కండ, బస్కీలు, సొరుగు, అవ్వచ్చు. అక్క రొట్టె తట్టడం ఆపలేదు. ఆయన చివరికి వచ్చాడు.

"ఊరేమన్నా అనుకోనీ. నీకు చెప్పాలనిపించింది. నేనెందుకు పడ్డానో ఇవాళ తెలిసింది."

అక్క చెయ్యి ఆగింది. పెనం మీద రొట్టె మాడుతోంది, తియ్యలేదు.

"అయితే... మీరు తీసుకోలేదా?"

నేను నమలడం మానేశాను.

"ఏం తీసుకోలేదా?" అన్నాడు బావ.

"భైరూవాళ్ళ దగ్గర."

"శాలన్! నువ్వు కూడానా?"

"ఆ ఏడే మన ఇంటికి కొత్త పెంకులు వేశారు. పెళ్ళై నేను గడప దాటి లోపలికి వస్తుంటే బయట ఆడవాళ్ళు అంటున్నారు, ఏ డబ్బుతో వేశారో చూడమని."

"మా నాన్న గేదెల్ని అమ్మాడు కదే!"

"నాకెవరు చెప్పారు? నేనొచ్చేటప్పటికి గేదెలు లేవు. ఉండేవనే తెలియదు."

"అడగొచ్చుగా! ముప్ఫై ఏళ్ళ పైమాటే అయింది, ఒక్కసారి అడగొచ్చుగా!"

"అడిగితే అబద్ధం చెబుతారేమోనని భయం. నిజం చెబుతారేమోనని ఇంకా భయం." కొంగుతో పెనం దించింది. "తీసుకుంటే తీసుకున్నారు, నా మనిషేగా అనుకున్నాను. ఇంకెప్పుడూ చెయ్యలేదుగా అనుకున్నాను."

బావకి కోపం రావాలి. రాలేదు. ఆమెకి దణ్ణం పెట్టాలో, కేకలెయ్యాలో తెలియనట్టు చేతులు గాల్లో పెట్టుకుని కూర్చున్నాడు. అక్క అటు తిరిగి వేళ్ళ మీద ఏదో లెక్క మొదలుపెట్టి, అందక వదిలేసింది.

"మరి ఇన్నేళ్ళ శుక్రవారాలు నేను ఎవరి పాపానికి ఉపవాసం ఉన్నట్టు?"

బావ తన కంచంలోని రొట్టె సగం విరిచి ఆమె ముందు పెట్టాడు. అక్క దాని వంక చూసింది, ఆయన వంక చూసింది, తినొచ్చో తినకూడదో తెలియక అలాగే కూర్చుంది.